మీ సంఘం జెండా ఏ రంగు?

నేను పటాన్‌చెరు వెళ్లొచ్చానని తెలియగానే మా పాలకొల్లు ఆడవాళ్లంతా చుట్టూ మూగి అడిగిన మొదటి మాట, ముత్యాలు తెచ్చారా అని. హైదరాబాదు దాకా వెళ్లి ముత్యాలు తేనిదాన్ని నేనొక్కదాన్నేనట! ముత్యాలు కాదు కదా, వెళ్లేటప్పుడు పట్టుకెళ్లిన నిద్ర కూడా వెనక్కి తెచ్చుకోలేదని వాళ్లకెలా చెప్పను? పటాన్‌చెరు వేరమ్మా, అక్కడ ముత్యాలుండవు, పొగగొట్టాలుంటాయి అంటే వినరు. అందుకే కూర్చుని రాస్తున్నాను. వెళ్లనివాళ్లు చదువుకోండి.

నేనెవరో ముందు చెప్పాలి. పాస్టరు గారి భార్యను. ఆయన పోయినా ఊళ్లో నన్నింకా అమ్మగారనే పిలుస్తారు. మా ఇంట్లో తిని, మా దగ్గర వాక్యం నేర్చుకుని, కొత్త చోట్ల సంఘాలు కట్టడానికి వెళ్లిన కుర్రాళ్లు అక్కడక్కడా ఉన్నారు. ఏడాదికోసారి వాళ్ల దగ్గరికెళ్లి కొన్నాళ్లుండి రావడం నా పని. ప్రసంగాలు వినడానికి కాదు. ప్రసంగం ఎవడైనా బాగానే చెబుతాడు. నేను బియ్యం డబ్బా మూత తీసి చూస్తాను. భార్య ముఖం చూస్తాను. మొగుడూ పెళ్లాలు మాట్లాడుకుంటున్నారో లేదో కనిపెడతాను. తిట్టాల్సినవాళ్లను తిట్టి, ప్రార్థన చేసి, బస్సెక్కుతాను. ఈసారి వంతు జాన్‌బాబుది. ఇది తొంభైల మొదట్లో సంగతి అనుకోండి, ఆ ప్రాంతాలన్నీ ఇంకా సగం పొలాలూ సగం ఫ్యాక్టరీలుగా ఉన్న రోజులు.

పటాన్‌చెరు

బస్సు దిగగానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. కుళ్లిన కోడిగుడ్లూ మందుల షాపూ కలిపి ముఖాన కొట్టినట్టుంది గాలి.

"ఏవిట్రా ఈ కంపు?" అన్నాను.

"ఏ కంపండీ?" అన్నాడు జాన్‌బాబు, నా సంచీ అందుకుంటూ.

హడలిపోయాను. గోదావరి గాలి పీల్చి పెరిగిన కుర్రాడు, రెండేళ్లకే ముక్కు చచ్చిపోయింది. రోడ్డు పక్క మోరీలో నీళ్లు ఒకచోట పసుప్పచ్చగా, కాస్త ముందుకెళితే వంగపండు రంగులో ఉన్నాయి. మా కాలవలో నీళ్లు కాస్త బురదగా వస్తేనే ప్రెసిడెంటు గారింటి మీదికి పోతాం మేము. ఇక్కడ ఆ నీళ్ల పక్కనే ఒకాయన తీరిగ్గా గడ్డం గీయించుకుంటున్నాడు. లారీలు, బీహారు నుంచీ ఒరిస్సా నుంచీ వచ్చిన కుర్రాళ్లు, బురఖాల్లో ఆడవాళ్లు, తలపాగాల రైతులు, అందరూ ఒకే రోడ్డు మీద. మా ఊళ్లో నాలుగు వీధుల అవతల కొత్తమనిషి కనబడితే ఎవరి తాలూకు అని అడుగుతాం. ఇక్కడ అందరూ కొత్తవాళ్లే, ఎవరూ ఎవర్నీ అడగరు.

చాయ్ రూపాయిన్నర. మా వైపు కన్నా ఎక్కువే గానీ, చెప్పుకోవాలి, అంత చిక్కటి టీ నేను మా అల్లుడింట్లో కూడా తాగలేదు.

ఇంద్రేశం

జాన్‌బాబు, భార్య కరుణ ఇంద్రేశంలో ఒక రైతు ఇంటి వెనక గది కిరాయికి తీసుకుని ఉంటున్నారు. ఇంటావిడ నన్ను చూసి జొన్నరొట్టె, పచ్చి పులుసు పంపింది. రొట్టె వేడిగా ఉన్నంతసేపూ బ్రహ్మాండం. చల్లారాక నా పళ్లకీ దానికీ యుద్ధమైంది. పచ్చి పులుసు చూసి, పాపం పొయ్యి మీద పెట్టడం మరిచిపోయినట్టుంది అని గిన్నె పట్టుకెళ్లి కాచబోయాను. ఇంటావిడ పరుగున వచ్చింది.

"అయ్యో అమ్మ, గది కాచుడు కాదు! గట్లనే తినాలె!"

ఆవిడ నవ్విన నవ్వుకి పక్కింటి గేదె కూడా తల తిప్పి చూసింది. తిన్నాను. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, చింతపండు. బాగుంది.

బాగాలేనిది ఆదివారం. క్రిస్మస్‌కి ఇంటికొచ్చినప్పుడు జాన్‌బాబు, "అమ్మగారూ, గది చాలట్లేదండీ, జనం వాకిట్లో కూర్చుంటున్నారు" అని చెప్పాడు. నేనది మా సంఘమంతటికీ చెప్పి చప్పట్లు కొట్టించాను. ఆదివారం పొద్దున చాపలన్నీ పరిచారు. కరుణ కంజీర వాయించింది. జాన్‌బాబు పాట ఎత్తుకున్నాడు. వింటున్నది నేను ఒక్కదాన్నే. ఖాళీ చాపలకి చేతులెత్తి ఆశీర్వాదం ఇచ్చాడు వాడు.

"ఏరీ రా జనం?" అన్నాను.

"డ్యూటీలండీ."

"అందరికీ ఒకేసారా? ఫ్యాక్టరీ నడుస్తోందా, యుద్ధం నడుస్తోందా?"

వాడు తల వంచుకున్నాడు. కరుణ కంజీర పక్కన పెట్టి కొంగులో ముఖం దాచుకుంది. బియ్యం డబ్బా అప్పటికే చూశాను, నిండుగానే ఉంది. కాబట్టి ఇది ఆకలి ఏడుపు కాదు. కొంగులోంచే కరుణ అంది, "ఈయన చెప్పరమ్మగారూ. మీరే రేపు గేటు దగ్గరికెళ్లి చూడండి."

గేటు ముందు

ఏ ఫ్యాక్టరీ అన్నది చెప్పను. ఆ వరసలో అలాంటివి చాలా ఉన్నాయి. దాని గేటుకి ఎదురుగా ఒక గోడ, గోడకి వెల్ల వేశారు. అయినా వెల్ల కిందినుంచి ఎర్రటి అక్షరాలు పైకి కనబడుతూనే ఉన్నాయి. కూడబలుక్కుని చదివాను. "కొత్త సంఘం ప్రారంభం. కష్టపడేవారందరూ రండి. చేరండి."

"నువ్వు రాశావా?"

"అవునండీ. క్రీస్తు రక్తానికి గుర్తుగా ఎర్రరంగుతో రాశానండీ."

బాగానే ఉంది కదా అనుకున్నాను. పక్కనే ఖాసిం భాయ్ అనే ఆయన చాయ్ డబ్బా ఉంది. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, గ్లాసు చేతిలో పెట్టి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, మీది ఏం సంగం? జెండా ఏ రంగు?"

"జెండా ఏమిటి బాబూ? మాది ప్రభువు సంఘం."

"గదే, ఏ పార్టీ దిక్కు?"

పుట్టినప్పటి నుంచీ సంఘం అంటే గుడి, కాపరి, కానుకల సంచీ, ఆదివారం. సంఘ కాపరి, సంఘ పెద్దలు, సంఘ స్త్రీలు అంటూ పెరిగాను. ఈ గేటు ముందు సంఘం అంటే యూనియనట! ఆ మాట ఇక్కడ గట్టిగా అనరట కూడా. మావాడు దాన్ని జానెడేసి ఎర్రక్షరాల్తో గేటుకెదురుగా రాసిపెట్టాడు.

"మస్తు మంది పోయిండ్రు అమ్మా," అన్నాడు ఖాసిం భాయ్. "పాటలు పాడిండ్రు, చప్పట్లు గొట్టిండ్రు. పాటలైనంక అసల్ ముచ్చట జెప్తడని కూసున్నరు. వారం వారం కూసున్నరు. ఒకదినం ఈ పంతులు సారే అన్నడు, ఎవలన్న లేచి సాక్ష్యం జెప్పుండ్రి అని."

అక్కడికి గ్లాసు కింద పెట్టేశాను. మా దగ్గర సాక్ష్యం అంటే, కడుపునొప్పి తగ్గింది, అమ్మాయికి సంబంధం కుదిరింది, ప్రభువుకి స్తోత్రం అని చెప్పుకోవడం.

"సాక్ష్యం అంటే గవాయే గద అమ్మా! కోర్టుల జెప్పే గవాయి. యాదయ్య లేచిండు. వాని బామ్మర్ది నర్సింలు చెయ్యి మిషన్ల ఎట్ల పడ్డదో, చెయ్యి పడకుంట మిషన్ మీద ఉండే ఇనుప జాలి ఎవలు తీపిచ్చిండ్రో, అంత జెప్పిండు. గా ముచ్చట లోపటికి పోయింది. తెల్లారి యాదయ్యను గేటు బయట నిలవెట్టిండ్రు. మిగిలినోళ్లు పరేషాన్. ఇగ ఎవ్వలొస్తరు మీ సంగానికి?"

నేను జాన్‌బాబు వంక చూశాను. వాడు గోడ వంక చూస్తున్నాడు.

"అది చాలా మంచి సాక్ష్యమని స్తోత్రం చెప్పించానండీ ఆరోజు," అన్నాడు చివరికి. "నాకు తెలియలేదండీ."

తిడదామని నోరు తెరిచాను. ఆ మాటలు వాడికి నేర్పిందెవరు? మేమే.

వెలిమెల

యాదయ్యది వెలిమెల. షేర్ ఆటోలో జాన్‌బాబు పక్కన, ఒడిలో ఎవరిదో కోడిని పెట్టుకుని వెళ్లాను. ఆ కోడి నా చీర మీద చేసిన పని ఇక్కడ రాయడం బాగుండదు.

ఇంటి ముందు మంచం మీద నర్సింలు కూర్చున్నాడు. ఇరవై దాటాయో లేదో, మీసాలింకా సరిగ్గా రాలేదు. కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. ఆ తువ్వాలు మణికట్టు దగ్గరే అయిపోయింది. చూపు తిప్పుకోలేను, చూడలేను.

యాదయ్య భార్య సత్తెమ్మ, నర్సింలుకి సొంత అక్క. నన్ను చూడగానే చెంబుతో నీళ్లిచ్చింది, గట్టు మీద చాప పరిచింది, తిట్టడం మొదలుపెట్టింది. మర్యాదా తిట్లూ రెండూ ఒకేసారి అంత నిండుగా జరగడం నేనెక్కడా చూడలేదు.

"తాగు అమ్మ, ఎండలవడి వచ్చినవు. మీ సంగం బుగ్గిగాను! తమ్ముని చెయ్యి పాయె. మొగని నౌకరి పాయె. పాటలు పాడుడేందో, లేచి జెప్పుడేందో! జెర బెల్లం తిను, వట్టి నీళ్లు తాగకు."

యాదయ్య ఒక పక్కగా నిలబడ్డాడు. నెమ్మదైన మనిషి. అసలు సంగతి అతనే చెప్పాడు. నర్సింలును పనిలో పెట్టింది కాంట్రాక్టరు. చెయ్యి పోయిన రోజున కంపెనీవాళ్లు, ఆ పేరుతో మా దగ్గర పనివాడే లేడు, ఎక్కడో సైకిలు మీద నుంచి పడ్డాడు అన్నారట. యాదయ్య గది నిండా జనం ముందు లేచి జరిగింది చెప్పేసరికి వాళ్లకి మండింది. నిన్ననే పర్సొనెల్ మేనేజరు కబురు పెట్టాడట. మీ పంతులు ఎవరైనా పెద్దవాళ్లను తీసుకుని నా దగ్గరికి రావాలి, మాది యూనియన్ కాదని చెప్పాలి, అక్కడ ఎవరూ ఏ చెయ్యి గురించీ మాట్లాడలేదని చెప్పాలి. చెబితే యాదయ్య మర్నాటినుంచే డ్యూటీకి రావచ్చు.

"యూనియన్ కాదని చెప్పడానికేం, నిజమే కదా," అన్నాను. "రెండోది అబద్ధం."

సత్తెమ్మ నా ముందు గొంతుక్కూర్చుంది. నా చేతులు పట్టుకుంది.

"అబద్ధమే ఆడు అమ్మ. నా తమ్ముని చెయ్యి నువ్వు నిజం జెప్తే మొలుస్తదా? మొలువది. నా మొగని నౌకరి అబద్ధం ఆడితే వస్తది. వాడు నా తోడబుట్టినోడు, నేనే అంటున్న. నేనే ఆడుమంటున్న!"

మంచం మీద నర్సింలు తువ్వాలు సవరించుకున్నాడు.

ఇన్నేళ్లలో నన్ను అబద్ధమాడమని ముఖం మీద అడిగినవాళ్లు లేరు. అంతకన్నా నేను అదిరిపడింది నా నోటి నుంచి వచ్చిన జవాబుకి.

"ఆడతాను," అన్నాను.

జాన్‌బాబు నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. వాడికి చిన్నప్పుడు అబద్ధమాడినందుకు తొడపాశం పెట్టినదాన్ని నేను. కానీ ఆ పిల్ల నా చేతులు పట్టుకుని అడుగుతుంటే, నీతి చెప్పడానికి నాకు సిగ్గేసింది. దేవుడికి నేను జవాబు చెప్పుకుంటాను, ముందు ఈ ఇంట్లో పొయ్యి వెలగాలి అనుకున్నాను.

మేనేజరు గది

మర్నాడు వెళ్లాం. గుమ్మంలో యాదయ్య, లోపల నేనూ జాన్‌బాబూ. బల్ల వెనక ఎలాంటి రాక్షసుడుంటాడో అనుకుంటూ అడుగు పెట్టాను. ఆ మనిషి లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, "వందనాలమ్మగారూ" అన్నాడు!

నిర్ఘాంతపోయాను. ఆ వందనాలు మా జిల్లా వందనాలు. మా తాడేపల్లిగూడెం అవతల ఊరట. హైదరాబాదులో ఒక పెద్ద గుడిలో సంఘ పెద్దట, క్వయర్‌లో పాడతాడట. నా వయసు చూసి కుర్చీ తనే లాగాడు. ఫిల్టరు కాఫీ తెప్పించాడు. మా ఊరి చేపల గురించి, గోదావరి వరద గురించి అడిగాడు. ఎంత మర్యాదస్థుడో! అంత మర్యాదస్థుడు ఒక పిల్లాడి చెయ్యి లేదనగలగడం నా బుర్రకి పట్టలేదు.

"మనవాళ్లేనని తెలియక గొడవైంది అమ్మగారూ. సంఘం అనేసరికి మా పైవాళ్లు కంగారుపడ్డారు. మీరు ఒక్క మాట చెప్పండి. అది ఒట్టి ప్రార్థన కూడిక, కంపెనీ గురించి అక్కడ ఎవరూ ఏమీ చెప్పలేదు అని. మీ నోటితో అంటే చాలు. మీలాంటి పెద్దవాళ్లు అబద్ధమాడరని నాకు తెలుసు."

మాట నాలుక చివర సిద్ధంగానే ఉంది. దారంతా నెమరేసుకుంటూ వచ్చాను. చెప్పేద్దును. ఈలోగా ఆయనే అన్నాడు, "ముందు ప్రార్థనతో మొదలుపెడదాం. అమ్మగారూ, మీరే చెయ్యండి."

తల వంచాడు. జాన్‌బాబు వంచాడు. అలవాటుగా నేనూ కళ్లు మూసుకున్నాను.

అక్కడే దెబ్బ తిన్నాను. మాలో ప్రార్థన అంటే వల్లించేది కాదు. ఉన్నదున్నట్టు ప్రభువుకి చెప్పుకోవడం. పాలు విరిగినా చెబుతాం, కోడలు అలిగినా చెబుతాం. కళ్లు మూసుకుంటే నా నోటికి వేరే దారి తెలియదు. కాఫీ ఇచ్చిన ఈ బిడ్డను దీవించు తండ్రీ అని మొదలుపెట్టాను. బాగానే ఉంది. వెలిమెలలో ఉన్న కుటుంబాన్ని జ్ఞాపకం చేసుకో అన్నాను. ఆ తరవాత నాలుక నా మాట వినలేదు.

"తండ్రీ, నర్సింలును నీవెరుగుదువు. ఈ కంపెనీ మిషన్‌లో వాడి కుడిచెయ్యి పోయినప్పుడు నీవు చూస్తూనే ఉన్నావు. మిషన్ మీద జాలీ లేదని నీకు తెలుసు. వాడు సైకిలు మీద నుంచి పడలేదని నీకు తెలుసు. వాడు లేడని ఈ గదిలో అంటున్నారు తండ్రీ. నర్సింలు ఉన్నాడు. నిన్న నేను చూశాను. యాదయ్య లేచి చెప్పింది నిజం. నీ సంఘంలో చెప్పాడు. నేను దాన్ని కాదనడానికి వచ్చాను, నన్ను క్షమించు..."

అప్పుడు వినబడింది నాకు నా గొంతు. అయ్యో ప్రభువా, ఏమంటున్నాను! ఆపబోయాను. ఆపేదేముంది, అంతా అయిపోయింది. "యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ" అని ముగించాను.

ఆ గదిలో ఎవరూ ఆమేన్ అనలేదు. నా జన్మలో ఆమేన్ లేని ప్రార్థన అదొక్కటే.

కళ్లు తెరిచేసరికి మేనేజరు బల్ల మీద అద్దాన్ని రుమాలుతో తుడుస్తున్నాడు. ముఖం కందిపోయింది. మర్యాద మాత్రం అలాగే ఉంది. "మంచి ప్రార్థన అమ్మగారూ," అన్నాడు. గుమ్మం వైపు తలెత్తకుండా, "యాదయ్యా, నువ్వెళ్లొచ్చు. ఇక రానక్కర్లేదు" అన్నాడు.

బయట జాన్‌బాబు అడిగాడు, "ఇప్పుడేం చెయ్యమంటారండీ?"

వాణ్ని చూసి రావడానికీ, దారి చెప్పడానికీ వెళ్లినదాన్ని నేను. "ముందా సంఘం అనే మాట మార్చరా" అన్నాను.

"మార్చి ఏమనమంటారు?"

తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

మళ్లీ వెలిమెల

సత్తెమ్మ ముఖం ఎలా చూడాలో తోచక, నేరుగా స్టేషనుకి పోయి రైలెక్కేద్దామా అని కూడా అనుకున్నాను. యాదయ్యే, "రా అమ్మ, బువ్వ తినిపో" అన్నాడు. కంది అనే ఊరి దగ్గర మట్టిపని ఉందట, రేపటినుంచి దానికి పోతాడట. చెయ్యి పోయినా నౌకరి పోయినా ఈ ఇంట్లో ముందు బువ్వ సంగతే అడుగుతారు.

జరిగింది జరిగినట్టు నేనే చెప్పాను. సత్తెమ్మ వింటున్నంతసేపూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. విన్నాక కొంగు తీసింది.

"ఒక్క అబద్ధం! ఒక్కటే అడిగిన నిన్ను! నీకు అబద్ధమాడుడు గూడ రాదా?"

"కళ్లు తెరుచుకుని ఉంటే ఆడేదాన్ని తల్లీ," అన్నాను. నాకు ఏడుపొచ్చింది. ఎవరి ముందూ ఏడవని మనిషిని, ఆ చాప మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. సత్తెమ్మ నన్ను ఓదార్చలేదు. ఎందుకు ఓదార్చాలి?

అప్పుడు మంచం మీద నుంచి నర్సింలు మాట్లాడాడు. నేను వాడి గొంతు వినడం అదే మొదటిసారి.

"అమ్మ, నా పేరు జెప్పినవా? లోపట?"

"చెప్పాను నాయనా."

"సారు ముంగట్నే?"

"ఆయన ముందే."

వాడు యాదయ్య వైపు చూశాడు. యాదయ్య తలూపాడు. "గుమ్మంల నిలవడి నేను ఇన్న. నర్సింలు ఉన్నడు అన్నది. రెండుసార్లన్నది నీ పేరు."

"గా ఆఫీసుల గట్లాంటోడే లేడన్నరు అమ్మ," అన్నాడు నర్సింలు. "అక్కను గూడ గేటుకాడనే ఎల్లగొట్టిండ్రు. నేను ఉన్ననో లేనో నాకే సమజ్ కాకపోయేది." మంచం దిగి వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "ఎట్ల జెప్పినవో గట్లనే ఒక్కపారి జెప్పు. నేనూ చెవులార ఇంట."

కళ్లు మూసుకున్నాను. నర్సింలును నీవెరుగుదువు తండ్రీ అని మొదలుపెట్టి, మిషనూ, జాలీ, సైకిలూ, ఒక్క మాట వదలకుండా అంతా మళ్లీ చెప్పాను. కాదనడానికి వెళ్లానన్న మాట కూడా వదల్లేదు. ముగించి, తల వంచుకునే ఉన్నాను. జాన్‌బాబు ఏడుస్తున్నాడు.

"ఆమేన్."

ఆడగొంతు. కళ్లు తెరిచాను. సత్తెమ్మ. ఎప్పుడూ జాన్‌బాబు గది గుమ్మం కూడా ఎక్కని సత్తెమ్మ, తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి నిలబడి, నా వంక ఇంకా కోపంగానే చూస్తోంది.